ఎన్నాళ్ళు వాడాలో రాయని చీటీ

(ఎలమంచిలిలో చేసిన స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేర జరుగుతోందో ఆయన్ని మీరంతా కాంపౌండరుగారనే పిలిచారు. అచ్చులోనూ ఆ పిలుపే ఉండనివ్వమని కుటుంబంవారు కోరారు, అలాగే ఉంచుతున్నాను. ఆయన పొట్లం కట్టి, దాని మీద ఇంకు పెన్నుతో మూడు సంగతులు రాసేవారట: మందు పేరు, పూటకెన్ని, ఎన్నాళ్ళు. మొదటి రెండూ ఇవాళ్టి చీటీల మీదా ఉంటున్నాయి. మూడోది మాత్రం, ముఖ్యంగా నిద్రకనీ, దడకనీ, ‘టెన్షన్’కనీ ఇచ్చే బిళ్ళల విషయంలో, చాలా చీటీల మీద కనపడదు. నేను ఫార్మకాలజీ పాఠాలు చెప్పినదాన్ని. ఈ పూట చెప్పేదంతా ఆ మూడో సంగతి గురించే.

మన పొరుగు నుంచే మొదలుపెడతాను. ఇక్కడ ఆటో ఎక్కితే అచ్యుతాపురం ఎంతసేపు? 2025 ఆగస్టులో కేంద్ర రెవెన్యూ నిఘా విభాగం, అదే డీఆర్ఐ వాళ్ళు, అచ్యుతాపురంలో దొంగచాటుగా ఆల్‌ప్రజోలం తయారుచేస్తున్న చోటొకటి పట్టుకున్నారు. దొరికిన సరుకు 119.4 కిలోలు. ఆల్‌ప్రజోలం అంటే కొత్తదేమీ కాదు. మీ ఇంట్లో అల్మారా సొరుగులో, అమ్మమ్మగారి కళ్ళజోడు పక్కన ఉండే చిన్న బిళ్ళే. పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము, ఒక మిల్లీగ్రాము, అలా దొరుకుతుంది. 119.4 కిలోలను అర మిల్లీగ్రాము బిళ్ళలుగా లెక్కేయండి. 23 కోట్ల 88 లక్షల బిళ్ళలు! 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తానికి ఉన్న జనం 8 కోట్ల 46 లక్షలు. పసిపిల్లలతో సహా తలా రెండు బిళ్ళలు పంచినా ఇంకా బోలెడు మిగులుతాయి.

ఆ సరుకు వెళ్ళాల్సింది మందుల షాపులకు కాదు, తెలంగాణలో కల్లులో కలపడానికి. ఇక్కడ మనం తాటికల్లు, ఈతకల్లు ఎరుగుదుం. చెట్టు నుంచి దిగిన కల్లు పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది, ఎక్కువసేపు ఆగదు. అక్కడి పట్నాల్లో అడిగేవాళ్ళు ఎక్కువ, చెట్లు తక్కువ. ఆ లోటును నీళ్ళతో, తీపి పొడులతో, మత్తుమందుతో పూడ్చడం ఏళ్ళ తరబడి నడుస్తున్న వ్యాపారం. మొదట్లో క్లోరల్ హైడ్రేట్ వేసేవారు. తర్వాత డయాజెపామ్ వచ్చింది, ఆ తర్వాత ఆల్‌ప్రజోలం. ఇది చిటికెడు వేస్తే చాలు కాబట్టి దాచడం తేలిక, మొయ్యడం తేలిక. 2025 సెప్టెంబరులో సికింద్రాబాద్ పాత బోయినపల్లిలో ఒక ప్రైవేటు బడి ఉన్న భవనంలోనే దీన్ని తయారుచేస్తున్నారని పోలీసులు పట్టుకున్నారు. పిల్లలు ఎక్కాలు చదివే చోటు!

అంతకు ముందు, ఆ ఏడాది జులైలోనే, కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవాళ్ళు వాంతులతో, విరేచనాలతో ఆసుపత్రుల్లో చేరారు. కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి, పలువురు చనిపోయారు. కల్లులో ఆల్‌ప్రజోలం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఆ వార్త మీరంతా చదివే ఉంటారు. నేను ఎక్కువసేపు నిలబడదలచుకున్నది దానికి పదేళ్ళ వెనకటి సంగతి దగ్గర.

2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద అధికారులు గట్టిగా విరుచుకుపడ్డారు. దుకాణాల్లో కల్లు పలచబడింది, కొన్నిచోట్ల ఆగిపోయింది. మంచిదే కదా అనుకుంటాం. మూడు నాలుగు రోజులు తిరక్కుండానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులకూ, హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ జనం రావడం మొదలైంది. చేతులు వణుకుతున్నాయి. నిద్ర లేదు. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఎవరితోనో మాట్లాడుతున్నారు. కొందరికి మూర్ఛలు. కొందరి ప్రాణాలు పోయాయి. వాళ్ళు పడిపోయింది కల్లు తాగినందుకు కాదు, ఆ పూట కల్లు దొరకనందుకు.

ఆ కూలీలు, ఆ ముసలమ్మలు తాము మందు వాడుతున్నామని ఎరగరు. చీటీ లేదు, డాక్టరు లేడు, మోతాదు లేదు. పనిచేసి వచ్చి సీసాడు కల్లు తాగుతున్నామనుకున్నారు. వాళ్ళ మెదడు మాత్రం ఏళ్ళ తరబడి ఆల్‌ప్రజోలానికో, డయాజెపామ్‌కో అలవాటుపడింది. సరఫరా ఒక్కసారిగా తెగేసరికి ఏమవుతుందో పుస్తకాల్లో రాసి ఉన్నదంతా వాళ్ళ ఒళ్ళు చూపించింది. మన ఇళ్ళల్లో పదేళ్ళుగా రాత్రిపూట ‘నిద్ర బిళ్ళ’ వేసుకుంటున్న పెద్దావిడకూ, కామారెడ్డి కల్లు దుకాణం ముందు వణుకుతూ కూర్చున్న మనిషికీ మెదడులో జరిగే రసాయన చర్య ఒక్కటే. చీటీ ఉన్నంత మాత్రాన మెదడు వేరేగా ప్రవర్తించదు.

ఆ రసాయన చర్య ఏమిటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను, విసుక్కోకండి. మెదడులో గాబా అనే పదార్థం ఉంటుంది. నరకణాల ఉద్రేకాన్ని తగ్గించడం దాని పని. ఈ జాతి మందులు, వీటిని బెంజోడయజెపీన్లు అంటాం, గాబా పనిని పెంచుతాయి. దడ తగ్గుతుంది, కండరాలు సడలుతాయి, నిద్ర వస్తుంది. అరగంటలో, గంటలో గుణం కనపడుతుంది. అంత త్వరగా మేలుచేసే మందులు మనసు జబ్బులకు తక్కువ, చిక్కంతా అక్కడే. కొన్ని వారాలు ఇలా నడిచాక మెదడు సర్దుకుంటుంది. బయటి నుంచి వస్తోంది కదా అని తన వైపు బిగింపు పెంచుకుంటుంది. అప్పుడు మందు తీసేస్తే ఆ బిగింపు ఒక్కటే మిగులుతుంది.

వీటి చరిత్ర కూడా తెలుసుకోదగ్గదే. 1955లో మెప్రోబమేట్ అనే మందు అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయింది. అది చూసి హాఫ్‌మన్ లా రోష్ కంపెనీ న్యూజెర్సీలోని నట్లీలో ఉన్న తన రసాయన శాస్త్రజ్ఞుల్ని అలాంటిదే కనిపెట్టమంది. వాళ్ళలో లియో స్టెర్న్‌బాక్ ఒకరు. ఆయన చేసి పక్కన పడేసిన పదార్థమొకటి ప్రయోగశాల బల్ల సర్దుతుంటే బయటపడి, పరీక్షకు వెళ్ళి, 1960లో లిబ్రియం అయింది. 1963లో వాలియం, అంటే డయాజెపామ్, వచ్చింది. 1969లో మన రాన్‌బాక్సీ అదే డయాజెపామ్‌ను కాంపోజ్ పేరుతో తెచ్చింది, ఆ కంపెనీకి దశ తిరిగింది. ఒకప్పుడు మన సినిమాల్లో నాయిక సీసా ఎత్తుకున్నా, నవలలో హీరో నిద్ర పట్టక లేచినా కాంపోజే. ఆల్‌ప్రజోలం 1981లో అమెరికాలో అనుమతి తెచ్చుకుంది.

ఇవి ప్రమాదమని ముందుగా గట్టిగా చెప్పినవాళ్ళలో బ్రిటన్ వైద్యురాలు హీథర్ ఆష్టన్‌ను తలుచుకోవాలి. న్యూకాజిల్‌లో 1982 నుంచి 1994 వరకు ఈ మందులు మానాలనుకునేవాళ్ళ కోసమే ఆవిడ ఒక క్లినిక్ నడిపారు. దాదాపు 300 మందిని చూశారు. వాళ్ళెవరూ వ్యసనపరులు కారు. డాక్టరు రాసిందే, రాసినంతే వేసుకున్నవాళ్ళు. 1988లో బ్రిటన్ మందుల భద్రతా సంఘం రెండు నుంచి నాలుగు వారాలకు మించి వీటిని రాయవద్దని వైద్యులకు చెప్పింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అలవాటు పడటం గురించీ, మానితే వచ్చే ముప్పు గురించీ ఈ మందులన్నిటి మీదా పెద్ద హెచ్చరిక పెట్టించడానికి 2020 దాకా పట్టింది. ముప్పై రెండేళ్ళు ఆలస్యం.

మందునే తిట్టిపోయడానికి నేను రాలేదు. మూర్ఛ ఆగకుండా వస్తున్నవాడికి లొరజెపామ్ ఇంజెక్షన్ ప్రాణం నిలుపుతుంది. సారా మానేసి వణుకుతున్నవాణ్ణి గట్టెక్కించేది క్లోర్‌డయాజెపాక్సైడే. చచ్చిపోతున్నానేమోనన్నంత భయం, పానిక్ అంటామే, అది వచ్చి మనిషి అల్లాడుతుంటే ఒక బిళ్ళ ఎంత మేలు చేస్తుందో పడ్డవాళ్ళకే తెలుసు. దిగులుకూ ఆందోళనకూ అసలు వైద్యంగా ఇచ్చే ఎస్సిటాలోప్రామ్ వంటి మందులు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపు ఆసరాగా దీన్ని ఇవ్వడం సరైన వైద్యమే. తప్పు ఇవ్వడంలో లేదు. అసలు మందు పని మొదలుపెట్టాక కూడా ఆసరా మందు చీటీ మీద అలాగే నిలిచిపోవడంలో ఉంది.

ఎలా నిలిచిపోతుందో చూడండి. భర్త పోయాడు. పదకొండో రోజు దాటింది, ఆవిడకు కంటి మీద కునుకు లేదు. కొడుకు తీసుకెళ్ళి చూపిస్తాడు. “పదిహేను రోజులు వెయ్యండమ్మా” అంటారు డాక్టరుగారు. చీటీ మీద మాత్రం రాత్రికి ఒకటి అని ఉంటుంది, పదిహేను అంకె ఉండదు. పదిహేను రోజులయ్యాక ఒకరోజు మానేస్తే ఆ రాత్రి అసలు నిద్రే పట్టదు. “చూశారా, బిళ్ళ లేకపోతే నాకు నిద్ర రాదు” అనుకుంటుంది. ఆ నిద్రలేమి సగం బిళ్ళ తెచ్చిపెట్టిందేనని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చీటీకి ప్లాస్టిక్ కవరు వేయించి బీరువాలో పెడతారు. కొడుకు బెంగుళూరు వెళ్ళిపోతాడు. పక్కింటి కుర్రాడు నెలనెలా తెచ్చిపెడతాడు. మూడేళ్ళు, ఏడేళ్ళు.

ఆల్‌ప్రజోలం విషయంలో ఇంకో మెలిక ఉంది. ఒంట్లో దాని సగం కరిగిపోవడానికి సుమారు 11 గంటలు పడుతుంది. డయాజెపామ్ అయితే రోజులు. రాత్రి తొమ్మిదికి వేసుకున్న ఆల్‌ప్రజోలం తెల్లవారుజాముకు దిగజారుతుంది. నాలుగింటికి మెలకువ, గుండె దడ, అరచేతుల్లో చెమట. జబ్బు ముదిరిందనుకుని పొద్దున కూడా ఒకటి మొదలెడతారు. నాకు తెలిసి ఈ ‘నాలుగింటి దడ’ చెప్పి మోతాదు పెంచమని అడిగేవాళ్ళే ఎక్కువ. ఆ దడ ఎందుకొస్తోందని అడిగేవాళ్ళు అరుదు.

పెద్ద వయసులో ఈ మందు కరగడం ఇంకా మందగిస్తుంది. రాత్రి బాత్రూముకు లేచి కాలు తడబడి పడటం, తుంటి ఎముక విరగడం, ఆపరేషను, మంచాన పడటం మనం చూస్తున్నవే. తుంటి విరిగిందని వచ్చినవాళ్ళను రాత్రిపూట ఏ బిళ్ళ వేసుకుంటారని అడగడం ఆర్థోపెడిక్ వార్డులో ఆనవాయితీ కావాలని నా కోరిక.

ఇక కలయికలు. మద్యం తాగి ఈ బిళ్ళ వేసుకుంటే ఊపిరి మందగిస్తుంది. నొప్పులకిచ్చే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌తోనూ అంతే. ఇది కొంతమందికైనా తెలుసు. తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఈ తీరప్రాంతపు ఉక్కకు తామర వదలదు కదా, దానికి ఇట్రాకొనజోల్ గొట్టాలు రాస్తారు. ఆల్‌ప్రజోలాన్ని కరిగించే కాలేయపు ఎంజైమును ఇట్రాకొనజోల్ అడ్డుకుంటుంది. రోజూ వేసుకునే అర మిల్లీగ్రామే ఒంట్లో పేరుకుపోయి రెట్టింపు మోతాదులా పనిచేస్తుంది. ఆ రెండూ కలిపి ఇవ్వకూడదని మందుతో వచ్చే కాగితంలోనే రాసి ఉంటుంది. తామర చూసే డాక్టరుకు నిద్ర బిళ్ళ సంగతి మీరు చెప్పరు, చర్మానికీ నిద్రకూ ఏం సంబంధం అనుకుంటారు. కడుపు నొప్పికీ గ్యాస్‌కూ ఇచ్చే కొన్ని బిళ్ళల్లో క్లోర్‌డయాజెపాక్సైడ్ కలిసి ఉంటుందని కూడా చాలామందికి తెలియదు. “నేను నిద్ర బిళ్ళలు ముట్టుకోనండీ, గ్యాస్ బిళ్ళ ఒక్కటే” అనేవాళ్ళు ఒకసారి అట్ట వెనక చదవండి.

చదవడానికి అట్ట ఉండాలి కదా! మన మందుల షాపుల్లో కత్తెర ఒకటి బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది. నాలుగు బిళ్ళలు చాలంటే అట్టలో నాలుగు గళ్ళు కత్తిరించి, చిన్న కాగితం సంచిలో వేసి ఇస్తారు. మందు పేరు, గడువు తేదీ, చుట్టూ ఎర్ర గీత గీసిన హెచ్చరిక ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఇంటికొచ్చింది నాలుగు తెల్ల బిళ్ళలు. బీపీ బిళ్ళ కూడా తెలుపే. షాపువాళ్ళు ఇక్కడ ఎందరున్నారో తెలియదు గానీ, ఈ జాతి బిళ్ళలను మాత్రం కత్తిరించేటప్పుడు పేరున్న ముక్కే ఇవ్వండి, లేదా సంచి మీద పేరు రాయండి.

చట్టం ఏమంటుంది? 2014 మార్చి 1 నుంచి అమలైన షెడ్యూల్ హెచ్1లో ఆల్‌ప్రజోలం, డయాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ ఉన్నాయి. రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్నిచ్చారో షాపు విడిగా ఒక రిజిస్టరులో రాయాలి. మూడేళ్ళు భద్రపరచాలి. అంతకంటే ముఖ్యమైన నిబంధన ఇంకా పాతది, 1945 నాటి నియమాల్లోనే ఉంది. ఇలాంటి మందు చీటీకి ఒక్కసారే మందివ్వాలి, మళ్ళీ ఇవ్వొచ్చని డాక్టరు ఆ చీటీ మీద రాస్తే తప్ప. అంటే ప్లాస్టిక్ కవరు వేయించిన ఆ ఏడేళ్ళ చీటీ మొదటి నెలలోనే చెల్లిపోయింది. తర్వాత తెచ్చుకున్నదంతా చట్టం లెక్కలో చీటీ లేని మందే.

మత్తుపదార్థాల చట్టం, 1985 నాటి ఎన్‌డీపీఎస్, ఆల్‌ప్రజోలాన్ని బరువుతో కొలుస్తుంది. 5 గ్రాముల వరకు స్వల్ప పరిమాణం, 100 గ్రాములు దాటితే వ్యాపార పరిమాణం. 5 గ్రాములంటే అర మిల్లీగ్రాము బిళ్ళలు పదివేలు. అచ్యుతాపురంలో దొరికినటువంటి సరుకు మీదికి ఆ చట్టం కత్తిలా వెళుతుంది, వెళ్ళాలి కూడా. ఏడేళ్ళు రాత్రికొకటి వేసుకున్న ఆవిడ మొత్తం మింగింది రెండున్నర వేలు, గ్రామున్నర కూడా లేదు. ఆవిడ దాకా రాగలిగింది పోలీసులు కారు. డాక్టరు, షాపు కుర్రాడు, ఇంట్లోవాళ్ళు. ఈ ముగ్గురిలో నేను మొదట నిలదీసేది డాక్టర్నే. చీటీ మీద రోజులు రాయడానికి రెండు సెకన్లు చాలు. ఓపీలో వందమంది ఉన్నారు, మాట్లాడే తీరిక లేదంటారు. నిజమే. అంకె వెయ్యడానికి తీరిక అక్కర్లేదు.

కుర్రాళ్ళ కోసం ఒక మాట. సెజ్ బస్సుల్లో నైట్ షిఫ్టుకు వెళ్ళొచ్చే పిల్లలు, స్టీల్ ప్లాంటు షిఫ్టులవాళ్ళు పగలు నిద్ర పట్టడానికి ఈ బిళ్ళలు పంచుకుంటున్నారని వింటున్నాను. నిద్ర లేచాక కూడా వీటి మత్తు పూర్తిగా దిగదు, మీకు దిగినట్టే అనిపిస్తుంది. ఆ స్థితిలో హైవే మీద బండి నడపడం, యంత్రం ముందు నిలబడటం ఏమిటో నేను వర్ణించక్కర్లేదు. షిఫ్టు నిద్రకు చీకటి గది, మారని వేళ, షిఫ్టులో మొదటి సగం తర్వాత టీ మానడం, ఇవి నిదానంగా పనిచేస్తాయి, కానీ పనిచేస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది. ఈ మాటలన్నీ విని, ఇంటికెళ్ళి, ఈ రాత్రే బిళ్ళలు చెత్తబుట్టలో వేసేస్తారేమో. దయచేసి వద్దు. 2015లో కల్లు దుకాణాల దగ్గర జరిగింది అదే కదా. నెలల తరబడి రోజూ వాడినవాళ్ళు ఒక్కసారిగా మానితే మూర్ఛ రావచ్చు, మతి చలించవచ్చు. తాటిచెట్టు ఎక్కినవాడు మోకు వదిలి దూకడు, ఒక్కో పట్టూ సడలించుకుంటూ దిగుతాడు. ఇదీ అంతే. ఇప్పుడు వైద్యులు పాటిస్తున్న పద్ధతి ప్రకారం రెండు నుంచి నాలుగు వారాలకోసారి మోతాదులో 5 నుంచి 10 శాతం తగ్గిస్తారు. ఎంత తొందరపడినా రెండు వారాల్లో 25 శాతానికి మించి తగ్గించరు. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. కొందరికి ముందు ఆల్‌ప్రజోలం నుంచి డయాజెపామ్‌కు మార్చి, అక్కణ్ణుంచి దింపుతారు. అది ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి దిగడం సాఫీగా ఉంటుంది. ఇదంతా డాక్టరు చేతిలో జరగాలి. లెక్క మీరు వేసుకోకండి.

తగ్గించేటప్పుడు కొన్నాళ్ళు నిద్ర చెడుతుంది, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు, చిరాకు పెరుగుతుంది. ఇంట్లోవాళ్ళు దాన్ని ‘పాత జబ్బు తిరగబెట్టింది’ అని తీర్పు చెప్పకుండా డాక్టరుకు చెప్పండి. మోతాదు కొన్నాళ్ళు అక్కడే ఆపి మళ్ళీ తగ్గిస్తారు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? రాసిన డాక్టరు ఉంటే ఆయన దగ్గరికే. లేకపోతే విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. వాల్తేరు ఆసుపత్రి అనగానే నవ్వు, భయం రెండూ వస్తాయి మనవాళ్ళకు. అక్కడ ఓపీలో కూర్చునేవాళ్ళలో చాలామంది మీలాగే బస్సు దిగి వచ్చి, చూపించుకుని, సాయంత్రానికి ఇంటికి చేరేవాళ్ళే. వెళ్ళలేకపోతే టెలీ మానస్ 14416కు ఫోను చెయ్యండి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ అది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. వెళ్ళేటప్పుడు పాత చీటీ ఒక్కటే సరిపోదు. ఇంట్లో ఉన్న అట్టముక్కలన్నీ, గ్యాస్ బిళ్ళతో సహా, ఒక సంచిలో వేసుకెళ్ళండి. ఏ మందు ఎప్పుడు మొదలైందో గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. కొత్తగా చీటీ రాయించుకునేవాళ్ళు మాత్రం కుర్చీలోంచి లేచేలోపు అడగండి: “ఎన్నాళ్ళు, డాక్టరుగారూ? ఆ అంకె కూడా ఇక్కడ వెయ్యండి.”

ప్రశ్నలుంటే ఇప్పుడే అడగవచ్చు. మీ ఇంట్లో ఎవరు ఏ బిళ్ళ వాడుతున్నారో సభలో చెప్పక్కర్లేదు, అయ్యాక బయట మాట్లాడదాం.